మిగిలిన అర ఎంఎల్ గురించి

వింత డ్రెస్సులతో పేరు తెచ్చుకున్న టీవీ నటి ఉర్ఫీ జావేద్ 2025 జులైలో పెట్టిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. లిప్ ఫిల్లర్లు, అంటే పెదాలు నిండుగా కనపడటానికి సూదితో వేయించుకునే జెల్, కరిగించుకుంటూ, ఆ ఇంజెక్షన్లకి మూతి మొత్తం వాచిపోతుంటే దాచుకోకుండా అలాగే పెట్టేసింది. అది మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చాక ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు, "ఉన్న మొహం చెడగొట్టుకోవడం దేనికీ" దగ్గర మొదలై "చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత" దగ్గర ఆగింది. నాకు మాత్రం అందరూ వదిలేసిన ముక్క ఒకటి బుర్రలో ఉండిపోయింది. వేసిన చోటు మొదట్నుంచీ సరిగ్గా లేదు కాబట్టి తీయించేస్తున్నా, మళ్లీ వేయించుకుంటా, కాకపోతే ఈసారి నేచురల్‌గా, అని రాసింది. ఫిల్లర్లే తప్పు అని ఎక్కడా అనలేదు.

ఈ నేచురల్ అనేది ఇప్పుడు అందరి నోటా అదే. హైదరాబాద్‌లో ఏ స్కిన్ క్లినిక్ ఇన్‌స్టా పేజీ తెరిచినా అదే, చేయించుకోడానికి వెళ్లేవాళ్లు అడిగేదీ అదే, చేసేవాళ్లు ఇస్తామనేదీ అదే. అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఒకే మాట మీద ఉన్నప్పుడు మరి పెళ్లి రిసెప్షన్లలో, రీల్స్‌లో, ఆఖరికి టీవీ యాంకర్ల మొహాల మీద కూడా ఆ ముందుకు పొడుచుకొచ్చిన పై పెదాలు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

మామూలుగా వచ్చే సమాధానం, డాక్టర్ చెయ్యి మంచిది కాకపోవడం. అది కొంతవరకు నిజమే, కాదనను. కానీ మంచి చెయ్యి ఉన్న డాక్టర్ల దగ్గర కూడా ఇలాంటివి చూస్తున్నాం, డబ్బుకి లోటు లేని సెలబ్రిటీలకే ఇలా అవుతోంది. నా ఉద్దేశంలో అసలు గొడవంతా దాన్ని అమ్మే పద్ధతిలో ఉంది. ఎంఎల్ లెక్కన, సిరంజి లెక్కన అమ్ముతున్నారు. సిరంజి కొన్నాక ఖాళీ చేయకుండా ఇంటికి రావడం మన వల్ల కాదు.

పిన్ని లెక్క

మా పిన్ని కూతురి పెళ్లికి ముందు దాంతో, పిన్నితో పాటు నేనూ క్లినిక్‌కి వెళ్లాను. దాని పై పెదవి సన్నం, నవ్విందంటే ఇక పెదవనేదే ఉండదు, పళ్లూ చిగుళ్లే. "పెద్దవి వద్దక్కా, నవ్వితే పై పెదవి కనపడాలి అంతే" అంది. పెళ్లి వీడియో వాళ్లు ఈ మధ్య ఒక్కో వెంట్రుక కనపడేలా తీస్తున్నారు కాబట్టి దాని బాధ నాకు అర్థమైంది.

డాక్టరమ్మ ముందు పెదాల వంక చూడనే లేదు. "ఏదైనా మాట్లాడమ్మా" అంది. ఇది మామూలుగా నోరు మూయని పిల్ల, అడిగేసరికి మూగనోము పట్టింది. అప్పుడు ఆవిడే "సరే, పాప, బాబు, మామ, బామ్మ, వరసగా అను" అంటే పిన్నికి నవ్వాగలేదు. నాకు మాత్రం కాసేపటికి విషయం అర్థమైంది. ఈ అక్షరాలన్నిటికీ పెదాలు కలిసి విడిపోవాలి, అలా విడిపోయేటప్పుడు ఏ వైపు ఎక్కువ లేస్తోంది, ఎక్కడ లోపలికి ముడుచుకుంటోంది అని చూస్తోంది. తర్వాత నవ్వమంది, ఈల వేస్తున్నట్టు మూతి పెట్టమంది, పక్కకి తిప్పి చూసింది, క్లిప్పులు ఎప్పుడైనా వేయించుకున్నావా అని అడిగింది, ఎందుకంటే పెదవి నిలబడేది వెనకున్న పళ్ల ఆసరా మీదే. పై పెదవికి సరిగ్గా మధ్యలో ఒక చిన్న ఉబ్బు, దానికి అటూ ఇటూ ఇంకో రెండు, కింది పెదవికి రెండు ఉంటాయట అందరికీ, వాటి మధ్య పల్లాలు అలాగే ఉంచాలట. అన్నీ నింపేస్తే గొట్టంలా అయిపోతుందని చెప్పింది.

మత్తు క్రీమ్ రాసి అరగంట కూర్చోబెట్టాక పని మొదలైంది. వేసేది హయలురానిక్ యాసిడ్ జెల్, మొహానికి రాసుకునే సీరమ్‌లో ఉంటుందే అదే పదార్థం, కాకపోతే తొందరగా కరిగిపోకుండా చిక్కగా అల్లినది. చాలావాటిలో నొప్పి తెలియకుండా లిడోకెయిన్ కూడా కలిపే వస్తుంది. సన్నటి సూదితో చుక్క చుక్క వేయడం, గాజుగుడ్డ పెట్టి వేలితో నొక్కడం, కుర్చీ నిటారుగా లేపి అద్దం ఇవ్వడం, మళ్లీ పడుకోబెట్టడం. అలా ఐదారుసార్లు అయ్యాక సిరంజిలో ఇంకా దాదాపు సగం ఉండగా "ఇక చాలు" అని పక్కన పెట్టేసింది.

అప్పుడు పిన్ని లేచింది. "ఇంకా ఉంది కదా డాక్టరు గారూ అందులో?"

"ఉందండీ, కానీ తనకి చాలు."

"మొత్తానికీ కట్టాం కదమ్మా, పోనీ ఆ కింది దానికైనా వేసేయండి, పారేయడం దేనికి."

ఆవిడ నవ్వి, వెయ్యలేదు. బాక్స్ మీద స్టిక్కర్ తీసి ఫైల్లో అంటించి, సిరంజిని సూదుల డబ్బాలో పడేసింది. ఇంక కార్లో వస్తున్నంత సేపూ పిన్ని లెక్కలే లెక్కలు, పాతిక వేలు కట్టాం, సగం పారేసింది, అంటే పన్నెండు వేల ఐదొందలు ఆ డబ్బాలో పోసి వచ్చాం అని. డ్రైవర్ కూడా "అయ్యో" అన్నాడు.

పిన్నిని వెటకారం చేయడానికి చెప్పట్లేదు ఇది. పిన్ని చేసిన లెక్క మనం అందరం చేసే లెక్కే. ఒక సిరంజిలో మామూలుగా ఉండేది ఒక ఎంఎల్, అంటే టీస్పూన్‌లో ఐదో వంతు, వినడానికి ఏమంత లేదు అనిపిస్తుంది, కానీ సన్నటి పెదాలకి మొదటిసారి వేస్తున్నప్పుడు చాలామందికి అందులో సగమో కాస్త ఎక్కువో సరిపోతుంది. మిగిలింది ఒకసారి సూది గుచ్చిన సిరంజి కాబట్టి దాచడానికి లేదు, ఒక మనిషికి ఒక సిట్టింగ్‌లో వాడేయాలనే వాటి మీద రాసి ఉంటుంది. అంటే అది పోతే చెత్తడబ్బాలోకి పోవాలి, లేదంటే పెదాల్లోకి పోవాలి. మూడో దారి లేదు. పాతిక ముప్పై వేలు కట్టినవాళ్లని నిలబెట్టి ఈ రెండిట్లో ఏది కావాలమ్మా అనడిగితే ఏం చెప్తారు?

క్లినిక్ వైపు నుంచి చూసినా అంతే. సగంలో ఆపే డాక్టర్‌కి "డబ్బులు తీసుకుని ఏమీ తేడా చేయలేదు, వన్ స్టార్" అని రివ్యూ పడుతుంది. ఖాళీ చేసే డాక్టర్‌కి బిఫోర్ ఆఫ్టర్ ఫొటోలో తేడా బాగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కొట్టొచ్చినట్టు కనపడటమే నేచురల్‌కి వ్యతిరేకం అయినా సరే. ఇంతకంటే విచిత్రం, మా స్నేహితురాలు ఒకావిడ ఈ కథంతా విని "అయితే ఇద్దరం కలిసి వెళ్దాం, ఒకటే సిరంజి చెరి సగం" అంది. ఒకరి రక్తం తగిలిన సూదీ జెల్లూ ఇంకొకరికి వాడటం ఎంత ప్రమాదమో బాగా చదువుకున్న మనిషికి కూడా తట్టలేదు, తట్టింది సగం ధర మాత్రమే.

వాపు మీద మోజు

సిరంజి గొడవ ఒక్కటే అయితే మొదటిసారి కొంచెం ఎక్కువ పడి ఊరుకునేది. రెండోసారి వెళ్లేలా చేసేది ఇంకొకటి ఉంది, వాపు.

ఫిల్లర్ వేసిన మొదటి రెండు మూడు రోజులు పెదాలు బాగా వాస్తాయి, ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువగా కూడా ఉంటాయి, అక్కడక్కడా కమిలిపోతాయి. మా చెల్లి మొదటి రోజు ఏడుపు మొహం పెట్టింది, మూడో రోజుకి ఆ నిండుదనం నచ్చేసింది, పదో రోజు ఫోన్ చేసి "అక్కా అంతా కరిగిపోయిందే" అంది. ఏమీ కరగలేదు. వాపు పోయింది, అసలు వేసినది మిగిలింది, అంతే. పూర్తిగా సర్దుకోవడానికి రెండు వారాల నుంచి నెల పడుతుంది, తర్వాత మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది ఉంటుంది, కొందరిలో ఆనవాళ్లు అంతకంటే చాలాకాలం ఉండిపోతాయి. కానీ కన్నుకి ఆ మూడో రోజు పెదాలే గుర్తుండిపోతాయి, వాటితో పోలిస్తే నెల తర్వాతవి వెలవెలబోతాయి. అందుకే "టచప్" కి వెళ్తారు. అక్కడ ఇంకో సిరంజి. అది కూడా ఖాళీ చేయాలి కదా.

ఇలా పాతది పోకముందే కొత్తది పడుతూ ఉంటే పెదవి పట్టినంత పట్టి ఇక పట్టనిది అంచు దాటి పైకి వెళ్తుంది. పెదవి రంగు ఆగిపోయి చర్మం మొదలయ్యే చోట ఒక గీత ఉంటుంది, ఆ గీత పదునుగా ఉన్నంత సేపూ ఎంత నిండుగా ఉన్నా పెదవి పెదవిలాగే కనపడుతుంది. జెల్ ఆ గీత దాటి ముక్కు కిందకి చేరితే అక్కడ ఒక మెత్తటి గట్టులా లేస్తుంది, ఎదురుగా చూస్తే తెలియదు, పక్క నుంచి చూస్తే మీసం మొలిచే చోటంతా ఉబ్బెత్తుగా ఉంటుంది. సెల్ఫీలో ఇది పడదు కాబట్టి చేయించుకున్న మనిషికి ఆఖర్న తెలుస్తుంది, పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్లకి ముందు తెలుస్తుంది.

అమెరికా రియాలిటీ టీవీ స్టార్ కైలీ జెన్నర్ 2015లో ఫిల్లర్లు వేయించుకున్నానని ఒప్పుకుని, 2018లో తీయించేశానని చెప్పి, తర్వాత మళ్లీ వేయించుకుంది. ఫ్రెండ్స్ సీరియల్ నటి కోర్ట్నీ కాక్స్ 2017లో ఫిల్లర్లన్నీ కరిగించేశానని చెప్పింది. వీళ్లకి మంచి డాక్టర్లు దొరక్క కాదు. ఇంకొంచెం ఇంకొంచెం అనుకుంటూ పోతుంటే రోజూ అద్దంలో చూసుకునే కన్ను కూడా వాటితో పాటే అలవాటు పడిపోతుంది, పాత ఫొటో పక్కన పెట్టుకుంటే తప్ప తెలియదు. అందుకే మొదటిసారికి ముందు తీసిన ఫొటో, నవ్వుతూ ఒకటి, పక్కకి తిరిగి ఒకటి, ప్రతిసారీ బయటికి తీసి చూపించే డాక్టర్ దొరికితే వదులుకోకూడదు అంటాను.

"నచ్చకపోతే కరిగించేద్దాం మేడమ్, ఇంజెక్షన్ ఉంది" అనేది ఇంకో అమ్మకం మాట. ఉంది, హయలురోనిడేజ్ అని, నిజంగానే కరిగిస్తుంది. కానీ అది మళ్లీ సూదులే, మళ్లీ వాపే, మళ్లీ బిల్లే, కొందరికి ఎలర్జీ కూడా వస్తుంది. అది క్లినిక్‌లో ఉండి తీరాలి, ఎందుకంటే జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్లి అడ్డుపడితే పెదవి తెల్లబడి, విపరీతమైన నొప్పి పుట్టి, చర్మం మచ్చలు మచ్చలుగా మారుతుంది, అప్పుడు గంటల్లో దాన్ని కరిగించాలి. అంత అవసరమైన మందుని ఎక్స్చేంజ్ ఆఫర్ లాగా చెప్పడం నాకు నచ్చదు.

ఎవరి మూతి కొలత

పై పెదవి ఒకటి అయితే కింది పెదవి ఒకటిన్నర పైన ఉండాలి అనే కొలత ఇంటర్నెట్ అంతా తిరుగుతుంది. అది ఎక్కువగా తెల్లవాళ్ల మొహాలని దృష్టిలో పెట్టుకుని చెప్పే కొలత. మన ఇళ్లలో ఆడవాళ్ల ఫొటోలు తీసి చూడండి, కొందరికి పై పెదవీ కింది పెదవీ ఇంచుమించు సమానంగా నిండుగానే ఉంటాయి. అలాంటి మొహానికి కింది పెదవి ఇంకా పెంచితే వేలాడినట్టు ఉంటుంది. ఈ మధ్య రష్యన్ లిప్స్ అని, మధ్యలో పైకి లేపి హృదయాకారంలో చేసే పద్ధతి ఒకటి వచ్చింది, అది సన్నటి ముక్కూ చిన్న మూతీ ఉన్నవాళ్ల మీద బాగుంటుందేమో గానీ వెడల్పు నవ్వున్న మన పిల్లల మీద ఎవరిదో మూతి తెచ్చి అతికించినట్టు ఉంటుంది.

మనకి ఇంకో సంగతి ఉంది, దీని గురించి క్లినిక్‌లో ఎవరూ ముందు చెప్పరు. చాలామందికి పెదవి అంచులు నల్లగా, లోపల గులాబీ రంగులో ఉంటాయి. ఫిల్లర్ రంగు మార్చదు. పైగా పెదవిని బయటికి తిప్పుతుంది కాబట్టి లోపలి గులాబీ భాగం ఇంకొంచెం బయటపడి, రెండు రంగులు విడివిడిగా కనపడతాయి. ఎంత ఎక్కువ వేస్తే అంత. ఫొటోల్లో లిప్‌స్టిక్ వేసి ఉంటుంది కాబట్టి ఏ బిఫోర్ ఆఫ్టర్‌లోనూ ఇది చూడం, ఆ తర్వాత రంగు కోసం లిప్ బ్లష్ అని ఇంకో ప్యాకేజీ సిద్ధంగా ఉంటుంది.

జెల్ రకం కూడా చూసుకోవాలి. బుగ్గలకీ గడ్డానికీ వాడేవి గట్టిగా ఉంటాయి, కదలని చోట నిలబడాలి కాబట్టి. పెదాలకి మెత్తగా, పెదవితో పాటు సాగేది కావాలి. గట్టిది వేస్తే ఫొటోలో బాగానే ఉంటుంది, మాట్లాడితే పెదవి ఒక దారి, మాట ఒక దారి. అందుకే ఆ పాప, బాబు పరీక్ష నాకు నచ్చింది. ఫొటో చూసి నేచురల్ అనేయడం తేలిక, మనిషి మాట్లాడుతుంటే చూడాలి.

నాకే ఉన్న అనుమానాలు

ఇదంతా రాస్తూనే ఒకటి తొలుస్తోంది. బాగా కుదిరిన ఫిల్లర్లు మనకి తెలియనే తెలియవు కదా. చెడిపోయినవే కంటపడతాయి. మా చెల్లి పెళ్లికి వచ్చినవాళ్లలో ఒక్కరికీ తెలియలేదు, "పెళ్లికళ వచ్చేసింది" అన్నారు అందరూ. అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో ఎవరు లెక్కపెట్టారు? కాబట్టి పరిస్థితి నేను చెప్తున్నంత ఘోరంగా లేకపోవచ్చు. ఒప్పుకుంటాను. అయినా కంటపడేవి కూడా తక్కువేం లేవు, వాళ్లూ నేచురల్‌గానే అడిగి ఉంటారు.

రెండో అనుమానం పెద్దది. నేచురల్‌గా ఉండాలి అని నేనింత గట్టిగా అనడం వెనక ఏముంది? ఆడపిల్ల అందంగా ఉండాలి, కానీ దాని కోసం కష్టపడినట్టు కనపడకూడదు, ఖర్చుపెట్టినట్టు అస్సలు కనపడకూడదు అనే పాత రూలే కదా ఇది. సన్నగా ఉంటే పెదాలే లేవంటారు, వేయించుకుంటే ప్లాస్టిక్ అంటారు, తీయించుకుంటే బుద్ధొచ్చింది అంటారు. ఉర్ఫీకి మూడూ పడ్డాయి. ఎవరైనా ఒకమ్మాయి నాకు పెద్దగా, అందరికీ తెలిసేలా కావాలి అని కోరి చేయించుకుంటే అది ఆమె మొహం, ఆమె డబ్బు. నా గొడవ ఆమెతో కాదు. నేచురల్‌గా అని అడిగి, దానికే డబ్బు కట్టి, వేరేది మోసుకొచ్చినవాళ్ల గురించి నేను మాట్లాడేది.

మూడోది, అసలు ఎవరికీ తెలియనప్పుడు పాతిక వేలు దేనికి అని మా బాబాయ్ అడిగాడు. దీనికి నా దగ్గర మంచి సమాధానం లేదు. చెల్లి ఫొటోల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. అది పాతిక వేలు చేస్తుందా లేదా అన్నది దానికే తెలియాలి.

మరి ఏం చేయాలంటారు

అర ఎంఎల్ సిరంజిలు లేకపోలేదు, కానీ వాటి ధర సగం ఉండదు, "ఇంకొంచెం వేసుకుంటే ఫుల్ ఎంఎల్ వస్తుంది కదా మేడమ్" అనగానే మనం ఒకటే తీసుకుంటాం. పార్లర్లలో సూది లేకుండా ప్రెషర్‌తో ఎక్కించే హయలురాన్ పెన్ అని తక్కువలో చేస్తున్నవాళ్లు ఉన్నారు, దాని జోలికి అస్సలు పోవద్దు, అమెరికా ఎఫ్‌డీఏ 2021లోనే వాటి గురించి హెచ్చరించింది. మన నేషనల్ మెడికల్ కమిషన్ కూడా 2022లో ఇలాంటి సౌందర్య చికిత్సలు శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లే చేయాలనీ, యూట్యూబ్ చూసీ వర్క్‌షాపులకి వెళ్లీ నేర్చుకుంటే చాలదనీ చెప్పింది. పెళ్లికూతుళ్లకి ఇంకో మాట, ముహూర్తానికి కనీసం నెల ముందు చేయించుకోండి, పళ్ల క్లీనింగ్ అదే వారంలో పెట్టుకోకండి, ఎప్పుడైనా మూతి దగ్గర జ్వరం పొక్కులు వచ్చి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, సూది తగిలితే అవి మళ్లీ లేచే అవకాశం ఉంది.

నేను కోరేది ఒక్కటే, ధర సిరంజికి కాకుండా పనికి పెట్టాలి. పెదాలకి ఇంత, అందులో పావు పడుతుందా ముప్పావు పడుతుందా డాక్టర్ ఇష్టం, నెల తర్వాత చూపించుకోవడం కూడా అందులోనే. డాక్టర్లు దీనికి ఒకటి చెప్తారు, మేము కొనేది పూర్తి సిరంజే కదా, వాడినా వాడకపోయినా మా ఖర్చు అంతే అని. సరే, అదే డబ్బు తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, ఎంఎల్ అనే మాట మాత్రం బిల్లు మీద నుంచి తీసేయండి. కనపడని దాన్ని ఎవరూ మిగిలిందా లేదా అని అడగరు, మా పిన్ని అడగదు.

ఇది రాయడానికి ముందు ఊరికే కొన్ని క్లినిక్‌లకి ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగాను, పెదాలకి వేశాక సిరంజిలో మిగిలితే ఏం చేస్తారండీ అని. ఒక చోట ఫ్రిజ్‌లో పెట్టి మీ పేరు రాస్తాం అన్నారు. ఒక చోట మిగిలింది స్మైల్ లైన్స్‌కి ఫ్రీగా వేస్తాం అన్నారు, అడగకుండానే. ఒక్క చోట మాత్రం "డాక్టర్ గారు చూసి ఎంత కావాలో అంతే వేస్తారు, మిగిలితే డిస్కార్డ్ చేస్తాం, రిఫండ్ ఉండదు" అని ముక్కుసూటిగా చెప్పారు, ఆ నంబర్ సేవ్ చేసి పెట్టుకున్నాను. అన్నిటికంటే ఎక్కువ ధర చెప్పిన చోట రిసెప్షన్ అమ్మాయి అయితే నా ప్రశ్నకి కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది. "అస్సలు మిగలనివ్వం మేడమ్, ఫుల్ ఎంఎల్ మీకే వేసేస్తాం" అంది.